పసుపు పూసిన బాంబు

నాకు బాంబుల గురించి మాట్లాడటం ఇష్టం. వాయుసేనలో నా ఉద్యోగమంతా విమానాల రెక్కల కింద బాంబులు బిగించడంతోనే గడిచింది. రిటైరై అరసవల్లిలో ఇల్లు కట్టుకున్నాక నాకు మిగిలినవి మోకాళ్ళ నొప్పులు, ఈ కబుర్లు. పెళ్ళి భోజనాల్లో పక్కన కూర్చున్నవాడు పప్పన్నం కలుపుకునేలోపే నేను గత శతాబ్దపు యుద్ధాల్లోకి దిగిపోతాను. తగలగానే పేలి మేడలు కూల్చేది ఒక రకం. పెంకు ముక్కలు ముక్కలై మనుషుల్ని చీల్చేది ఇంకో రకం. ఊళ్ళు తగలబెట్టడానికే తయారుచేసింది ఒకటి, ఓడ ఉక్కును తొలుచుకుని లోపలికి వెళ్ళాక పేలేది ఒకటి. కడుపునిండా చిన్న బాంబుల్ని మోసుకెళ్ళి గాల్లో వెదజల్లేది, పైనున్న విమానం తప్పించుకుపోయేలా గొడుగు విప్పుకుని నిదానంగా దిగేది, ఇలా చెప్పుకుపోతుంటే పెరుగు వచ్చేసరికి పక్క కుర్చీ ఖాళీ అయిపోతుంది. ఆడవాళ్ళ వరసలోంచి మా ఆవిడ కళ్ళతోనే నన్ను ఆపుతుంది.

మా ఆవిడ పుట్టిల్లు భోగాపురం దగ్గర సముద్రపు ఒడ్డున. మాది నాట్లు వేసే ఇల్లు, వాళ్ళది వలలు వేసే ఇల్లు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా వాళ్ళ ఆచారాలు నాకు సగమే తెలుసు. చేప కాని బరువైన వస్తువేదైనా వలలో పడితే మా అత్తగారింట్లో దాన్ని మళ్ళీ నీళ్ళలో పడెయ్యరు. గంగమ్మ తల్లి తనంతట తానే వచ్చిందంటారు. ఒడ్డుకు తెచ్చి పసుపు రాసి బొట్టు పెడతారు. ఇది నాకు తెలియని సగంలో ఉండిపోయింది.

ఒక ఉదయం కాఫీ తాగుతుంటే మా బావమరిది వాట్సాప్‌లో ఫొటో పంపాడు. "గంగమ్మ మా వల్లోకి వచ్చినాది బావా, దణ్ణం పెట్టుకో" అని కింద రాశాడు. కొబ్బరాకుల పందిట్లో నడుమెత్తు విగ్రహం ఇసుకలో నిలబెట్టి ఉంది. నిలువెల్లా పసుపు, అరచేతంత కుంకుమ బొట్టు, రెండు వెండి కళ్ళు, మెడలో వేపమండలు. ముందు కొబ్బరి పెచ్చుల గుట్ట. దణ్ణం పెట్టుకోబోతూ, అమ్మవారి నత్తు కొంచెం పక్కకు ఉన్నట్టనిపించి ఫొటో పెద్దది చేశాను. ఆ నత్తు వేలాడుతున్నది ముక్కుకు కాదు. ఒక ఇనుప చెవికి. బాంబును విమానానికి తగిలించే చెవి అది. కళ్ళు మూసుకుని తడిమినా నేను గుర్తుపడతాను.

వెంటనే ఫోన్ చేశాను. "ఒరే, ఆ కొబ్బరికాయలు దేని మీద కొడతన్నారు?"

"దేని మీదేటి బావా, గంగమ్మ నెత్తి మీదే. మాయమ్మ పొద్దున్నే ఒకటి కొట్టనిదే టీ కూడా తాగదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దాని దగ్గరికి ఎవరినీ పోనివ్వొద్దు, ముట్టుకోవద్దు, అది బాంబు అన్నాను. అవతల ఒక్కసారిగా నవ్వు వినిపించింది. "నీకు అన్నీ బాంబుల్లాగే అగుపిస్తాయి బావా." వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. వాడి పెళ్ళిలో కూడా నేను ఇవే కబుర్లు చెప్పాను.

పోలీసులకు ఫోన్ చేసి, మా ఆవిణ్ణి కారెక్కించుకుని బయల్దేరాను. హైవే మీద మామూలుగా యాభై దాటని నేను ఆ రోజు దూసుకుపోయే సాలూరు లారీలను కూడా దాటేశాను. మా ఆవిడ దారంతా ఇంకా తొందరపెడుతూనే ఉంది. రోజూ దాని నెత్తి మీద కొబ్బరికాయ కొడుతున్నది వాళ్ళమ్మ.

పాత యుద్ధాల్లో పడి పేలకుండా మిగిలిన బాంబులు సముద్రం అడుగున ఇంకా ఉంటాయి. నా భయమల్లా ఈ బాంబులో మందు ఉందా లేదా అన్నదే. మా పనిలో బాంబు జాతకం రంగులోనే తెలుస్తుంది. నీలం రంగు వేసి ఉంటే అది అభ్యాసానికి వాడేది, లోపల ఇసుకో సిమెంటో ఉంటుంది. ఎర్ర పట్టీ ఉంటే నిప్పు పెట్టేది. పసుపు పట్టీ ఉంటే అసలైన పేలుడు మందు ఉన్నట్టు. ఒడ్డుకు చేరి చూస్తే, పట్టీ ఏమిటి, అడుగు నుంచి నెత్తి దాకా పసుపే. మా అత్త పూత మీద పూత వేసింది. దూరం నుంచి చూస్తూ నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అత్త పందిరి కిందే కూర్చుని ఉంది, ఒళ్ళో ఆ పూట కొట్టాల్సిన కొబ్బరికాయతో.

"అత్తా, ఇవతలకి రా. అది అమ్మోరు కాదు."

"అమ్మోరు కాదా? వచ్చిన కాడి నుంచి వలలు ఖాళీగా రానేదు. ఇమానాల కాడ బతికినోడివి, సముద్రం సంగతి నీకేటి తెలుసు?"

ఆమెకు అర్థమయ్యేలా చెప్పాలనుకున్నాను. "సేపల్లో జాతులున్నట్టే బాంబుల్లోనూ ఉంటాయత్తా. కొన్ని తగలగానే పేలతాయి. కొన్ని ఆగుతాయి. ఏళ్ళ తరబడి ఆగి, ఎవులో వచ్చి కదిపితే అప్పుడు పేలతాయి."

"మరి ఇది ఏ జాతి?"

"తెలీదు. పసుపు అడ్డొస్తన్నాది."

"అంటే తెలీకండానే వాగతన్నావన్నమాట" అని ఆమె కొబ్బరికాయ పీచు సవరించుకుంది. పక్కనే ఉన్న బావమరిది నవ్వు ఆపుకుంటూ మొహం తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గొంతు పెంచి ఏవేవో అరిచాను. ఆమె ఇంకా గట్టిగా సర్దుకుని కూర్చుంది.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు ఉండు" అని, ఉన్నచోటే ఇసుకలో చతికిలబడి తల్లిని పలకరించింది. "అమ్మా, గంగమ్మ ఎప్పుడొచ్చినాది?"

"మొన్న అమాసకి ముందు."

"మరి అనుపు ఎప్పుడు సేస్తావు?"

అత్త చేతులు ఆగాయి.

మా వైపు ఏ అమ్మవారి పండగైనా అనుపుతోనే ముగుస్తుంది. ఊళ్ళోకి పిలిచి కొలిచిన తల్లికి చల్లని అన్నం పెట్టి, డప్పులు కొట్టి, మర్యాదగా సాగనంపాలి. ఆ పని చెయ్యకపోతే ఊరికి మంచిది కాదంటారు.

"ఎంత సల్లటి తల్లైనా, పిలిసి ఉంచేసుకుంటే కోపం రాదేటి?" అంది మా ఆవిడ.

అత్త ఆలోచించింది. కొబ్బరికాయ కింద పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, చీరకంటిన ఇసుక దులుపుకుని మా దగ్గరికి నడిచొచ్చింది. నా బాంబుల రకాలన్నీ కలిసి చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. మా ఆవిణ్ణి చూస్తే ఎంత గర్వంగా అనిపించిందో, ఆ మాట ఆమెతోనే చెప్పాను. "ఊరుకో" అంది.

బాంబుల్ని తీసే బృందం మధ్యాహ్నానికి వచ్చింది. అధికారి మా అబ్బాయి వయసువాడు. దగ్గరికెళ్ళి చూసొచ్చి, కదపడం ప్రమాదం, ఇక్కడే ఇసుక బస్తాలు పేర్చి పేల్చేస్తామన్నాడు. పసుపు కింద ఏ రంగుందని ఆత్రంగా అడిగాను. "రంగు సంగతి తర్వాత సార్, ముందు దూరంగా వెళ్ళండి" అన్నాడు. నేనైనా అలాగే అనేవాణ్ణి.

ఊరంతా సరుగుడు తోట వెనక్కి చేరింది. అత్త అధికారిని నత్తు తెచ్చిమ్మని అడిగింది. అతను కుదరదన్నాడు. "పోన్లే, అమ్మోరి సొమ్ము అమ్మోరితోటే పోతాది" అని సర్దుకుంది. అక్కడి నుంచే అనుపు మొదలైంది. డప్పులు మోగాయి, ఆడవాళ్ళు పెరుగన్నం ఆకులో పెట్టి సముద్రం వైపు చూపించారు. అది పూర్తయ్యేదాకా అధికారి టోపీ చేత్తో పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు.

తర్వాత అది పేలింది. నేల కాళ్ళ కింద కదిలింది. ఇసుక సరుగుడు చెట్లంత ఎత్తుకు లేచింది. అన్నేళ్ళు బాంబులు బిగించానే గాని ఒక్కటి పేలగా ఇంత దగ్గర్నుంచి నేనెప్పుడూ చూడలేదు. పొగ పోయాక, అధికారి సరేనన్నాక వెళ్ళి చూస్తే, పందిరి ఉన్నచోట పడవ పట్టేంత గుంట. లోపల ఉన్నది ఇసుకా కాదు, సిమెంటూ కాదు. అసలైన మందే.

పొద్దున్నుంచీ ఒక మాట నాలుక చివర పెట్టుకుని తిరుగుతున్నాను. చూశావా అత్తా, అందామని ఆమె వైపు తిరిగాను. ఆమె ముందే అందుకుంది.

"సూసినావా అల్లుడూ. ఇంత కోపం కడుపులో ఎట్టుకుని కూడా, రోజూ నెత్తి మీద కొబ్బరికాయ కొడితే నన్నేటీ అననేదు. ఇంకా అమ్మోరు కాదంటావేటి?"

నాకు తెలిసిన బాంబుల రకాలన్నీ వరసగా గుర్తుచేసుకున్నాను. అది అన్నాళ్ళు ఎందుకు ఊరుకుందో చెప్పే రకం ఒక్కటీ దొరకలేదు. ఆమె మాత్రం నా పక్కన నిండు ప్రాణంతో నిలబడి, జవాబు కోసం చూస్తోంది. గుంట వైపు తిరిగి చేతులు జోడించాను.