నా స్కూటీ ఎక్కిన పెద్దన్న

నేను ఆదోనిలో డిగ్రీ చదివే రోజులు. నామినేషన్లకు ఆఖరి రోజు. ఎంపీటీసీ ఎన్నికల్లో నాన్న, మండలమంతా హడలిపోయే నాయకుడు పెద్దన్న మీద పోటీ చేస్తున్నారు. బరిలో ఉన్నది వాళ్ళిద్దరే.

మా మండల కేంద్రం ఆస్పరిలో పెద్దన్న ఊరేగింపు కార్లే ఆయనకు దారి లేకుండా చేశాయి. గడువు పది నిమిషాలే! పరుగెత్తుకొచ్చి, నేనెవరో తెలియక, ఆ రద్దీలో ఆగిన నా స్కూటీ ఎక్కేశారు.

"తొందరగా పోనీ తల్లీ!"

దింపేస్తే నాన్న ఏకగ్రీవంగా గెలిచినట్టే. కానీ రొప్పుతున్న పెద్దాయన్ని దింపలేకపోయాను. గుంత వచ్చినప్పుడల్లా "సస్తినే!" అని ఆయన కేకలు. నేను మాత్రం వేగం తగ్గించలేదు.

మండలాఫీసు గేటులో నాన్నే ఉన్నారు! పెద్దన్న దిగి లోపలికి పరుగుతీశారు. నేను స్కూటీ వెనక్కి తిప్పబోయాను.

నాన్న నవ్వేశారు. "మంచి పని సేసినావు పాపా. ఎదురు మనిషే లేకుంటే గెలిసి ఏం లాభం?"

ఆ ఎన్నికలో నాన్న ఓడిపోయారు. ఆయన్ని స్కూటీ మీద ఎందుకు తెచ్చావని మాత్రం ఇంతవరకూ అడగలేదు.