పలాసలో ఒక జట్టు పేరు

విశాఖ నుంచి పలాస వెళ్లే పాసింజర్‌లో సీటు కావాలంటే స్టేషన్‌లో టీ మానుకోవాలి. నేను తాగాను, అందుకే శ్రీకాకుళం రోడ్ దాకా నిలబడ్డాను. కంప్యూటర్లు అప్పుడప్పుడే చిన్న ఊళ్ల ఫ్యాక్టరీలకు చేరుతున్న రోజులు. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి ప్రోగ్రాం రాయడానికి మా ఆఫీసు నన్ను పంపింది.

కోటబొమ్మాళిలో ఎక్కిన ఉద్దానం రైతు నా పని విని ఆశ్చర్యపోయాడు. "జీడిపప్పుకి కంప్యూటరేటమ్మా! అది లెక్కెడతాదా, తింటాదా?"

"లెక్కే బాబూ."

"అయితే పర్నేదు."

పలాసలో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని, ఆటోలో ఫ్యాక్టరీకి చేరాను. యజమాని అప్పారావుగారు కొత్త కంప్యూటర్ మీద గుడ్డ తీసి చూపించారు. "మనిషి పేరు నొక్కితే రోజుకెంత పప్పు తీసిందో తెలియాలమ్మా."

పని జరిగేచోట ఒక పూట కూర్చోకుండా నేను కంప్యూటర్ ముట్టుకోను. ఆఫీసులో దీన్ని చాదస్తమంటారు. అననివ్వండి.

ఉడికించిన జీడిపిక్కల్ని ఒకచోట కొడుతున్నారు. లోపలి గదిలో ఆడవాళ్లు నలుగురేసి జట్టుగా కూర్చుని, చిన్న కత్తులతో పొట్టు తీసి పప్పంతా ఒకే పళ్లెంలో వేస్తున్నారు. సాయంత్రం తూకం ఒకటే, కూలి నలుగురికీ సమానం. నాకు భలే వింతగా అనిపించింది.

"ఎవరెంత తీశారో ఎలా తెలుస్తుంది?" అని ఒక పెద్దావిడను అడిగాను.

"తెల్దమ్మా. తెలిసి ఏటి సేత్తాం?"

ఆమె పక్కన నూకమ్మ అనే ఆవిడ గోడకు ఆనుకుని ఉంది. కిడ్నీ జబ్బట, పాదాలు వాచాయి. ఆమె ఒక పప్పు తీసేలోగా మిగతావాళ్లు నాలుగు తీస్తున్నారు. నన్ను చూసి మెల్లిగా అడిగింది: "అమ్మా, అందులో నా పేరు ఇడిగా రాత్తావా?"

సరాసరి యజమాని దగ్గరకు వెళ్లాను. "మనిషి లెక్క తెలిస్తే రేపు ఏం చేస్తారు?"

"తక్కువ తీసినోళ్లని మానిపించెత్తాను."

"మీ నష్టం ఎక్కడ?"

"పప్పు ఇరిగిపోతంది. ముక్క కాకుండా గుండుగా ఉంటేనే దర."

"మరి విరిగిన పప్పు లెక్క కావాలా, మనిషి లెక్కా? విరిగింది జట్టు పళ్లెంలోనే తెలిసిపోతుంది."

ఆయన గడ్డం గోక్కున్నారు. "ఇరగడం ఆగితే సాలు. జట్టుకే రాసియ్యి."

ఆ కబురు లోపల చెప్పి, "జట్టుకో పేరు కావాలి, ఏం రాయను?" అన్నాను. నూకమ్మ పెద్దావిడ పేరు చెప్పబోయింది. మిగతా ముగ్గురూ ఒప్పుకోలేదు.

ప్రోగ్రాం రాసుకుని మళ్లీ వస్తానని చెప్పి, సాయంత్రం టెక్కలి మీదుగా విశాఖ వెళ్లే బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది, కొబ్బరితోటల గాలి చల్లగా తగిలింది. పలాస వెళ్లేవాళ్లు అంగడిలో పప్పు కొనుక్కుని తిరిగొచ్చేయకండి, లోపలికెళ్లి ఆ పళ్లెం చుట్టూ కాసేపు కూర్చోండి. నేనైతే ఒళ్లో కాగితం పెట్టుకుని, ఆ కుదుపుల్లోనే జాబితా మొదటి వరస రాసేశాను: నూకమ్మ జట్టు.