కొండ ఎక్కకుండా జలపాతానికి

అన్నయ్య పోయి ఇంకా ఏడాది తిరగలేదు. మా ఇళ్ళలో ఏడాది మైల తీరేదాకా కొండ ఎక్కకూడదంటారు. అందుకే అమ్మవారి గుడికి దగ్గర్లోనే, భవానీపురంలో ఉంటూ కూడా వదిన ఆ కొండ వైపు వెళ్ళలేదు. కొండపల్లి అడవిలో జలపాతం చూడాలని మాత్రం ఆమే అడిగింది. వానలు పడ్డప్పుడల్లా అన్నయ్య తన స్నేహితుడితో అక్కడికి వెళ్ళేవాడు. వచ్చేసారి నిన్నూ తీసుకెళ్తానని నిరుడు ఆమెకు మాటిచ్చాడు. వానలు ఆగితే ఆ నీళ్ళు కొద్ది రోజుల్లో ఎండిపోతాయి. వచ్చే ఏడాదికి వదిన మోకాళ్ళు ఎలా ఉంటాయో తెలియదు. డాక్టరు ఇప్పటికే ఆపరేషన్ అంటున్నాడు.

"మరి మైల?" అన్నాను.

"దేవుడున్న కొండలకే ఆ పట్టింపు. అడవికేముంది?"

అన్నయ్య స్నేహితుడికి గవర్నర్‌పేటలో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. మేం భాయ్ అని పిలుస్తాం. ఆయనే కారులో తీసుకెళ్ళి అడవి అంచున ఆపాడు. అక్కడినుంచి పైకి నడకే. దారి అనడమే గాని అది వాన నీళ్ళు కోసుకుపోయిన గాడి. రాళ్ళ మీద కాలు నిలవదు. ముళ్ళకంపలు చీరను పట్టుకునేవి. నేను విడిపించేలోపు వదిన ఊపిరి తీసుకునేది. ఒకటే ఉక్క. నెలల తరబడి నాకు సరైన నిద్ర లేదు. వెనక్కి పోదామన్న మాట ప్రతి మలుపులోనూ నోటిదాకా వచ్చింది. అడిగిన మనిషి నడుస్తోంది కాబట్టి నేనూ నడిచాను.

నీళ్ళ చప్పుడు వినపడేంత దగ్గరికి వచ్చాక వదిన ఆగిపోయింది. బాట పక్కన ఒక రాయికి ఎవరో పసుపు పూసి కుంకుమ పెట్టారు. ముందు ఎండిపోయిన నిమ్మడిప్పలు ఉన్నాయి.

"ఇక్కడా ఉందా తల్లి!" అంటూ వదిన కూలబడింది. "ఇంక నేను రాను. మీరు చూసి రండి."

"పశువులు కాసేవాళ్ళు పెట్టుకున్న రాయి వదినా అది."

"ఎవరు పెడితేనేం? తల్లి తల్లేగా."

"మాకు నలభై రోజులతో సరి," అన్నాడు భాయ్. "మీరేంటి వదినమ్మా, ఏడాది పెట్టుకున్నారు?"

"పెట్టింది నేనా?"

భాయ్ కిందికి తొంగి చూశాడు. "ఎక్కితేనే కదా తప్పు. దిగితే?"

"దిగితే ఏముంటుంది?"

"అయితే దిగండి. కింద వాగుంది. అందులోంచి పోతే జలపాతం కిందికే చేరతాం. తల్లిని దాటక్కర్లేదు."

"కొట్లో బేరం చేసినట్టే చేస్తున్నారు మీరు," అంది వదిన. కానీ లేచింది.

ఎగువకు నడిస్తే వాగులోనైనా ఎక్కడమేనని ముగ్గురికీ తెలుసు. ఎవరూ అనలేదు.

వాగు బాటకంటే కష్టం. బండల నిండా పాచి. వదిన ఒక చేయి నా భుజం మీద, ఇంకో చేయి భాయ్ భుజం మీద వేసి నడిచింది. అయినా జారి నీళ్ళలో కూర్చుంది. తడిసిన చీర బరువుకి అడుగు పడటం మరీ కష్టమైంది. ఆగుదామంటే తల అడ్డంగా ఊపింది. ఎవరికీ మాట్లాడే ఓపిక లేదు.

జలపాతం సన్నగా ఉంది. మేడ మీద ట్యాంకు నిండి పొర్లితే గోడ వెంట కారే నీళ్ళలాగా నల్లబండ మీంచి జారుతోంది. వదిన చాలాసేపు చూసింది.

"ఇంతేనా? ఒకరి మాట ఒకరికి వినపడదు, అంత హోరు అనేవారు ఆయన."

"నాక్కూడా ప్రతి ఏడూ అలాగే చెప్పి లాక్కొచ్చేవాడు," అన్నాడు భాయ్.

"తెలిసీ ఎందుకొచ్చేవారు?"

"కారు దిగింది మొదలు వాడు మాట్లాడుతూనే ఉండేవాడు కదమ్మా. నడిచినట్టే ఉండేది కాదు."

వదిన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. వాచిన మోకాలి మీద అరచేయి ఆనించి, కాసేపటికి, "సరే, చూశాను," అంది.

చేయందించి లేపాను. వచ్చినంత దూరమూ మళ్ళీ నడవాలి.