నూతికి దిష్టి తీసిన రంగనాథం

మా రంగనాథం బావకి పెళ్లి తప్ప మరో పోలిక తెలియదు. కళింగపట్నం రేవు వీధిలో ఆయనది ఉప్పూ బెల్లం కొట్టు, పక్కనే నాది బట్టల కొట్టు. వాన ఆలస్యమైతే "పెళ్లికొడుకు అలిగాడు" అనేవాడు. బేరం తెగకపోతే "జాతకాలు కలవలేదు" అనేవాడు. ఓసారి నాకు పన్ను పీకితే పరామర్శకొచ్చి, "అప్పగింతల్లో ఏడుపు మామూలేరా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

విశాఖపట్నం మీద జపానువాడి బాంబులు పడిన మరుసటేడు మా రేవుపేటలో కలరా దిగింది. ఇద్దరు పోయారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు దండోరా వేయించి, రేకు గొట్టంలోంచి అరిచాడు.

"ఇది యుద్ధం! శత్రువు మీ నూతిలో దాక్కున్నాడు! మందు పోసి చంపుతాం! అడ్డొచ్చినవాణ్ణి పోలీసులకప్పగిస్తాం!"

బాంబుల సంగతి జనం ఇంకా మరవలేదు. యుద్ధమనేసరికి కుండలూ పిల్లలూ పడవలెక్కడం మొదలైంది. పడవల పెద్ద గంగులు కూతురు లక్ష్మణమ్మ నిండు చూలాలు, పొద్దుట్నుంచీ వాంతులు. ఆమెనూ తడిక మీద మోసుకొస్తున్నారు. పడవ కదిలితే ఆ పిల్ల దారిలోనే పోతుంది, ఆగిన ప్రతి రేవులోనూ రోగం దిగుతుంది.

ఆ మందు పడితే నీళ్లు ఎర్రబడతాయట. అది నెత్తురేనని పుకారు. గంగులు మనుషులు గెడకర్రలు పట్టుకుని నూతి చుట్టూ నిలబడ్డారు. మధ్యలో ఇన్‌స్పెక్టరు మందు సీసా చంకలో దాచుకుంటున్నాడు.

"ఒక్క సుక్క పడితే నీ బుర్ర పగులుతాది," అన్నాడు గంగులు. "మరిడమ్మ తల్లికి కోపమొచ్చే ఈ రోగం దిగింది, అది సాలదేటి?"

మా బావ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"ఒరే గంగులూ! మరిడమ్మ నీ ఇంటికొచ్చిన వియ్యపురాలురా. అలిగున్నాది. వియ్యపురాలలిగితే మరియాద సేసి సాగనంపుతావా, పడవెక్కి పారిపోతావా?"

గంగులు గెడకర్ర దించాడు, మిగతావాళ్లూ దించారు. "మరియాదంటే ఏటి సెయ్యాల?"

"పెళ్లింట ఎర్రనీళ్లతో దిష్టి తియ్యరా? ఈ బాబు మీ నూతికి తీస్తన్నాడు."

"దిష్టి నీళ్లు పారబోస్తారు గానీ తాగుతారేటి?" అందో ముసలమ్మ.

బావ పని అయిపోయిందనుకున్నాను. గెడకర్రలు మళ్లీ లేచాయి.

"అందుకే ఈ పూట ముట్టొద్దంటన్నాను! రేపు రంగు పోయాక తోడి, మరిగించి తాగండి. వియ్యపురాలికి పచ్చినీళ్లు పోస్తామేటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్కొక్క కర్రా దిగింది. మందు నూతిలో పడింది.

"మరి నా బిడ్డ?" గంగులు తడిక వైపు చెయ్యి చూపించాడు. "ఆసుపత్రికి పంపను. ఎల్లినోళ్లు రాలేదు."

"ఆసుపత్రెవడన్నాడు? నా ఉప్పు గిడ్డంగి విడిది సేస్తన్నాను. విడిదిలో ఊరంతా దూరకూడదు. ఒక్క పెద్దమనిషి సాలు."

ఆ పెద్దమనిషి తనే. ఇన్‌స్పెక్టరు గొట్టం పారేసి డాక్టర్ని తీసుకొచ్చాడు, ఉప్పునీళ్ల సూదులు వేయించాడు. రోగం తగిలిన మరికొందరినీ అక్కడే పడుకోబెట్టారు. బావ మాత్రం గిడ్డంగి వదల్లేదు. గంజి పట్టాడు, మైలగుడ్డలు తీశాడు. చీమకి భయపడే మనిషికి ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో!

లక్ష్మణమ్మ లేచి కూర్చుంది. "కడుపులో కదుల్తాంది, మావా," అని చెప్పి ఏడ్చింది. బావ కూడా ఏడ్చాడు. "అప్పగింతల్లో మామూలే" అని నేనంటే, గంజి గరిట విసిరాడు.

తేరుకున్నవాళ్లని ఇంటికి పంపేటప్పుడు ఆడపిల్లని పంపినట్టే ఒళ్లో చలిమిడి పెట్టాడు, కొత్త గుడ్డ కప్పాడు. గుడ్డలు నా కొట్లోవే, అడగనైనా లేదు. గంగులు మనిషి, గుబురు మీసాల జోగయ్య చలిమిడి ముద్ద పట్టుకుని సిగ్గుపడిపోతూ గడప దాటాడు.

"కలరా తగ్గినవాడికి చలిమిడేమిటయ్యా!" ఇన్‌స్పెక్టరు నెత్తి కొట్టుకున్నాడు.

"తినడానికి కాదు బాబూ. ఆడికి ఇక్కడో పుట్టిల్లున్నాదని తెలియడానికి."

"ప్రతిదానికీ పెళ్లేనా బావా?" అన్నాను.

"యుద్ధమంటే జనం పరిగెడతారురా. పెళ్లంటే ఎంత గాబరాలోనైనా తలో బిందె అందుకుంటారు."

ఆ సాయంత్రం కొట్లో ఖాళీ అర చూసి మా ఆవిడ నిలదీసింది. "తానులన్నీ ఏమయ్యాయి?"

"మన జోగయ్యకి సారె పెట్టి పంపాం," అన్నాను.