నూరు మందికే వచ్చిన కోపం

ఒక పెద్ద గొడవను రెండు నిమిషాల్లో, మైకు మ్యూట్‌లో పెట్టి, కుర్చీలోంచి లేవకుండా ఆపిన ఘనత నాది. కరోనా రెండో చలికాలం అది. జర్మనీలోని ఎష్‌బోర్న్‌లో మా ఫ్లాట్ వంటగది బల్లకు ఒక చివర నా ఆఫీసు, ఇంకో చివర పద్నాలుగేళ్ల నా కూతురి బడి. అవతల క్లయింటు మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కూతురికి సలహా ఇచ్చేసి, మళ్లీ మీటింగులోకి వచ్చి "యెస్" అన్నాను. అంత చవగ్గా అంత పెద్ద తప్పు చేసినవాడు మా వంశంలో ఇంకొకడు లేడు.

సంగతి ఇది. కింది అంతస్తులో ఉండే అమ్మాయిది నా కూతురి క్లాసే. వాళ్ల అమ్మానాన్నలది వియత్నాం. అయిదో తరగతి నుంచి ఇద్దరూ ఒకటే జట్టు. ఆన్‌లైన్ క్లాసులో ఆ పిల్ల జవాబు చెప్పడానికి మైకు తెరిస్తే చాలు, ఇద్దరు మగపిల్లలు ఖళ్లు ఖళ్లుమని దగ్గేవారు, వైరస్ ఆమె ఇంట్లోంచే బయలుదేరినట్టు. టీచరుకు ఉత్తరం రాద్దాం, నువ్వూ సంతకం పెట్టు అని ఆ పిల్ల అడిగింది. నా కూతురు నన్నడిగింది.

"మనకెందుకు బిడ్డా? నువ్వు న్యూట్రల్‌గ ఉండు. వాళ్లతోని నీకేం పంచాయితీ?"

"కానీ డాడీ, తను నా ఫ్రెండ్."

"కాదన్ననా? ఒక హార్ట్ పంపియ్. సంతకం వద్దు."

స్టవ్ దగ్గరున్న నా భార్య వెనక్కి తిరగకుండానే అంది: "నీ దుకాణం తెలివి దానికి ఎక్కియ్యకు."

జనగామలో మా బాపుది కిరాణా దుకాణం. వాడకట్టులో రెండిళ్లవాళ్లు తలలు పగలగొట్టుకున్నా, పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి అదే తూకంతో పప్పు కట్టేవాడు. ఎవరు ఎవరిని తిట్టినా "గట్లనా" అనేవాడు. ఆ ఒక్క మాట మీద దుకాణం జీవితాంతం నడిచింది. గల్లా పక్కన కూర్చుని నేను నేర్చుకున్న చదువు అదే.

హార్ట్ వెళ్లింది. సంతకం వెళ్లలేదు. ఆ పిల్ల ఒక్కతే ఉత్తరం రాయలేక, మైకు తెరవడమే మానేసింది. దగ్గులు ఆగాయి. గొడవ సద్దుమణిగిందని నన్ను నేనే మెచ్చుకున్నాను.

వసంతం వచ్చేసరికి అందరం అలసిపోయాం. ఇండియాలో ఆక్సిజన్ దొరకని వారాలవి. ఊరి నుంచి ఫోను మోగితే ఎత్తడానికి చెయ్యి రాదు. అప్పుడే చరిత్ర టీచరు నా కూతురికి ఒక ప్రసంగం అప్పగించింది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గామి ఒకటి లూసిటానియా అనే బ్రిటిష్ ప్రయాణికుల ఓడను ముంచింది. తటస్థంగా ఉన్న అమెరికాను అది యుద్ధం వైపు ఎలా నెట్టింది? ఇదీ ప్రశ్న.

"డాడీ, ఈ ఓడ ఎక్కద్దని జర్మన్లు ముందే పేపర్‌లో వేశారు. అయినా ఎందుకు ఎక్కారు?"

"టికెట్ కొన్నంక ఎవడు దిగుతడు? మనం ఎవల పక్కా కాదు, మనల్నెవడు ఏం జేస్తడనుకున్నరు."

"ఓడలో తూటాలు కూడా ఉన్నాయట."

"ఉంటయ్. ఇంగ్లండోళ్లు సముద్రం మీద జర్మనీకి తొవ్వ మూసిన్రు. ఇగ అమెరికా సరుకంతా ఒక్క గడపకే పోయింది. ఒక్కరికే అమ్ముకుంట ఇద్దరికీ దోస్తునని చెప్పుకున్నది. ఇది రాయి, మార్కులు పడతయ్."

ఆమె రాయలేదు. తెర మీద అంకెలు చూస్తోంది. "మొత్తం వెయ్యి మందికి పైనే చనిపోయారు. అందులో అమెరికావాళ్లు నూరు పైచిలుకు. ఆ నూరు మంది లేకపోతే కోపం వచ్చేది కాదా?"

"తనోళ్లు పోతేనే గద మంట."

"కోపం వచ్చాక కూడా రెండేళ్ల దాకా యుద్ధంలోకి దిగలేదు. జర్మనీకి ఉత్తరాలు రాశారు."

"ఒక్క ఓడతోని ఎవడూ యుద్ధానికి పోడు బిడ్డా. కాకపోతే అటెంక న్యూట్రల్ అనే మాట అంత సులువుగ నోట్లకు రాదు."

ప్రసంగం రోజు నేను బల్లకు నా చివర కూర్చుని, హెడ్‌సెట్ ఒక చెవికే పెట్టుకుని వింటున్నాను. ఆమె రెండు వాక్యాలు చెప్పిందో లేదో, ఎవడో దగ్గాడు. తర్వాత ఇంకొకడు. చాట్‌లో ఒక వరుస మెరిసింది: ఇండియన్ మ్యూటంట్ వచ్చింది, తలుపులు వేసుకోండి. కొత్త రకం వైరస్‌కు అప్పట్లో టీవీలో మా దేశం పేరే పెట్టి పిలిచేవారు.

నా కూతురు ఓడను అక్కడే వదిలేసింది. చలికాలం నుంచి ఎవరెవరు, ఎవరిని చూసి, ఎలా దగ్గారో టీచరుకు జర్మన్‌లో చెప్పింది, పేర్లతో సహా. ఎక్కడా ఆగలేదు.

సాయంత్రానికి ఉత్తరం తయారైంది. సంతకం కోసం కిందికి దిగింది. అవసరమైతే రాయబారం నడుపుదామని నేను మాస్కు పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డాను. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి ఉత్తరమంతా చదివింది. వాళ్ల జర్మన్‌లో నాకు అర్థమైంది ఇంతే.

"నన్ను చూసి దగ్గినప్పుడు హార్ట్ పంపావ్."

"అవును. సారీ."

"నిన్ను చూసి దగ్గాక ఉత్తరం రాశావ్."

ఆ పిల్ల కాగితాన్ని గోడకు ఆనించి సంతకం పెట్టింది, ఒక అక్షరదోషం దిద్దింది, తిరిగి ఇచ్చి మెల్లగా తలుపు వేసుకుంది. విసురుగా వేసినా బాగుండేది.

పైకెక్కుతూ అన్నాను: "నేను వాళ్ల డాడీతోని మాట్లాడత. తప్పు నాదని చెప్త."

"వద్దు డాడీ. నువ్వు సగం తప్పే ఒప్పుకుంటావ్."

ఆ ఇద్దరు మగపిల్లలూ క్లాసు ముందు ఈ ఇద్దరమ్మాయిలకూ క్షమాపణ చెప్పారు. తర్వాత ఎవరూ దగ్గలేదు. బడి తెరిచినప్పుడు పిల్లలను రెండు సగాలు చేసి, వారం విడిచి వారం పిలిచారు. కింది ఇంటి పిల్ల అడిగి మరీ నా కూతురు లేని సగంలో పేరు రాయించుకుంది. మెట్ల మీద ఎదురైతే తల ఊపుతుంది, అంతే.

ఇక లెక్క. ఉత్తరం చలికాలంలో రాసినా అదే టీచరు చదివేది, అవే క్షమాపణలు వచ్చేవి. ఆలస్యం వల్ల కలిసొచ్చింది ఏమీ లేదు. దాని ధరను ముందు కింది ఇంటి పిల్ల కట్టింది, నోరు తెరవకుండా కూర్చున్న అన్ని వారాలూ. మిగిలింది నా కూతురు కట్టింది, ఉన్న ఒక్క స్నేహితురాలితో. సలహా ఇచ్చినవాడి జేబులోంచి ఏమీ పోలేదు.