గ్రైండర్ మీద స్టిక్కర్

దివాలా తీసిన వ్యాపారాలను కోర్టు తరఫున స్వాధీనం చేసుకునే ఒక డచ్ లాయర్ దగ్గర నేను జూనియర్‌ని. అమెరికాలో, పిస్కాటవే ఊళ్లో ఒక దోసెల హోటల్‌కు వెళ్లాం. ఓనర్ మా చర్చి సంఘస్థుడే. వేలం కంపెనీ మనిషి పిండి రుబ్బే గ్రైండర్‌కు కూడా వేలం స్టిక్కర్ అంటించాడు.

"సండే నా పక్కనే కూర్చుని ప్రేయర్ చేస్తారు, మండే నా గ్రైండర్ సీజ్ చేస్తారా బ్రదర్? ఇక నేనెట్లా బతకాలి?" అన్నాడు ఓనర్ నాతో.

మా సీనియర్ గ్రైండర్ మీదికి వంగారు. ఆయన స్టిక్కర్‌ను ఇంకా గట్టిగా నొక్కుతున్నారనుకుని ఓనర్ ఇనుప అట్లకాడతో ఆయన ముఖం మీద కొట్టాడు. పెదవి చీలి, పన్ను ఊడి నేల మీద పడింది. రెండో దెబ్బకు కనుబొమ్మ తెగింది. నేను పట్టుకోబోతే మోచేత్తో నా డొక్కలో పొడిచాడు.

తిరగలిని తాకట్టు పట్టకూడదని దేవుని వాక్యం. చట్టం కూడా బతుకుతెరువు పనిముట్లను వదిలేస్తుంది. మా సీనియర్ ఎక్కడికెళ్లినా ముందు వాటి స్టిక్కర్లే పీకేవారు.

పోలీసులు వచ్చి ఓనర్‌కు బేడీలు వేస్తుంటే, మా సీనియర్ నెత్తుటి వేళ్లతో సగం ఊడిన స్టిక్కర్‌ను పూర్తిగా పీకారు. గ్రైండర్‌ను ఓనర్ భార్య కారులో నేనే పెట్టాను.