అక్క పేర బండి

మా బావకు కారంటే ఎంత ప్రేమో, బుద్ధంటే అంత పగ. మార్కాపురంలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కొచ్చినాడు. ఆయన పేరుకు బండి అచ్చిరాదని ఎవరో సిద్ధాంతి చెప్పినాడంట, అందుకని మా అక్క పేర రాయించినాడు. పేరు అక్కది, పెత్తనం ఆయనది. ఆమెను ఒక్కనాడన్నా ముందు సీట్లో కూర్చోబెట్టిన పాపాన పోలేదు.

అమావాస్య వస్తే చాలు, బండికి గుమ్మడికాయ కొట్టేవాడు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవాడు. ఇన్సూరెన్స్ అయిపోయింది, కట్టు బావా అంటే మాత్రం నవ్వేవాడు.

"నిమ్మకాయలకంటే పెద్ద ఇన్సూరెన్స్ ఏంది బామ్మర్దీ? ఈ చుట్టుపట్ల నన్నాపే మొనగాడెవడు?"

థూ, ఏం మనిషో!

నిజమే, ఎవరూ ఆపలేదు. తర్లుపాడు రోడ్డులో మిరపకోతకు నడిచిపోతున్న కూలామెను గుద్దినాక ఆయనే ఆగినాడు. పాపం, ఆమె కాలు విరిగింది. ఆ సాయంత్రమే ఉరుక్కుంటా పోయి ఇన్సూరెన్స్ కట్టొచ్చినాడు, చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టు. ఆ కాగితం మీద తేదీతో పాటు టైము కూడా పడుద్దని తెలీదు మహానుభావుడికి.

కేసయింది. పోలీసులు రాసిన జరిమానా చూసి, ఇంతేనా అని మీసం తిప్పినాడు. అసలుది కోర్టులో ఉంది బావా అంటే వింటేగా! గుద్దిన పూటకు ఇన్సూరెన్స్ లేదు, కంపెనీ పైసా ఇయ్యదు, ఆమె నష్టం నడిపినోడూ బండి ఓనరూ కట్టాల్సిందేనని జడ్జి తేల్చినాడు. నడిపినోడి పేర ఏముంది, మీసం తప్ప? ఓనరంటే మా అక్క. నాయన ఆమెకు రాసిచ్చిన చేను జప్తుకొచ్చింది.

నోటీసు చేతికొచ్చిన రోజు బావ మంచం మీద కూలబడి, సిగ్గు లేకుండా అక్కనే చూసినాడు.

"ఛీ, నీ పేరు కూడా అచ్చిరాలేదు గదే!"

నాకైతే చెప్పు తీసుకోబుద్ధయింది. అక్క మాత్రం అరవలేదు, ఏడవలేదు.

"నా పేరుకేమయ్యా, బంగారంలాంటి పేరు. నాకు నువ్వే అచ్చిరాలేదు" అన్నది.

చెప్పులేసుకొని గడప దిగింది.

"పా తమ్ముడా, ఆయమ్మను చూసొద్దాం. ఇంక ఆమె వంగి మిరపకాయ కోసేది లేదు. చేను పోతే పోయింది."

బావ మాత్రం దిగులుగా కారు దగ్గరికి పోయి, అద్దం తుడుచుకుంటా నిలబడినాడు.